నా నేస్తానికి ఇంకో నేస్తం

కరుణమ్మ గురించి రాయమని టెక్కలి నుంచి రవిశంకర్ మాస్టారు వచ్చి అడిగినప్పుడు నాకు ముందు ఒళ్ళు మండింది. ఆయన కాలేజీలో పాఠాలు చెబుతాడు, ఆదివారం వస్తే గేర్ల సైకిలేసుకుని కొండలెక్కుతాడు. పలాసలో రైలు దిగి, మందస మీదుగా కొండెక్కి, పనసగూడలో తిని, అక్కణ్ణుంచి జీడితోటల్లో పడి దిగి, ఉద్దానం కొబ్బరిచెట్ల మధ్య మా ఊరి సముద్రం దాకా వచ్చే ఒక దారి ఉంది. విశాఖపట్నం సైకిళ్ళవాళ్ళు నెలకోసారి ఆ దారిన వస్తారు. వాళ్ళూ మాస్టారూ కలిసి ఆ దారి మీద చిన్న పుస్తకం వేస్తున్నారట. దారి పొడవునా ఎవరుంటారో, ఎలా బతుకుతారో అందులో ఉంటుందట. పనసగూడ కరుణమ్మ సంగతి మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు కదా జోగమ్మగారూ, పూండిలో పదో తరగతి దాకా చదువుకున్నారు కూడాను, నాలుగు ముక్కలు రాసివ్వండి అన్నాడు.

మరి నా గురించి ఎవరు రాస్తారని అడగబోయాను. నోటిదాకా వచ్చింది. ఆ సైకిళ్ళు ఎక్కే దారి ఎవరిదనుకున్నారు? మా అమ్మ నెత్తిమీద ఎండుచేపల గంప పెట్టుకుని, కొంగు పట్టుకున్న నన్ను ఈడ్చుకుంటూ ఎక్కిన దారి. అంతకు ముందు మా అమ్మమ్మ ఎక్కింది. నెత్తళ్ళు, సావిడాయిలు, మా ఎండుచేపలన్నీ పైకి వెళ్ళేవి. చింతపండు, పసుపు, జీడిపిక్కలు కిందికి వచ్చేవి. కొండమీది వాళ్ళు దాన్ని చేపల దారి అనేవారు. ఇప్పుడు సైకిళ్ళవాళ్ళ ఫోన్లలో చూస్తే ఆ దారి ఆఖరి మిట్ట మీద 'కరుణమ్మ ఎత్తు' అని ఉంటుంది. అరికాళ్ళు అరగదీసుకున్నది మేము, పేరు ఆవిడకి. సరే, కానివ్వండి. రాస్తాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, మాస్టారికి నచ్చితే వేసుకుంటాడు, లేకపోతే మానేస్తాడు.

ఒక సంగతి ముందే చెప్పాలి. కరుణమ్మ అని కాగితం మీద రాస్తున్నాను గాని నోటితో అనను. ఆవిడ నాకు నేస్తం. మా వైపు నేస్తం అంటే బస్సులో పక్కసీట్లో కూర్చుని కబుర్లు చెప్పుకున్న మనిషి కాదు. నేస్తం కడతారు. ఇద్దరు ఆడపిల్లలు ఒకరి బట్ట ఒకరు పుచ్చుకుని, పెద్దల ముందు ఒకరి నోట్లో ఒకరు బెల్లంముక్క పెట్టుకుంటే ఇక అది చుట్టరికమే. వాళ్ళింట్లో చావైతే మనం పోవాలి, మనింట్లో పెళ్ళైతే వాళ్ళు రావాలి. ఆ రోజు నుంచి ఒకరినొకరు 'నేస్తం' అనే పిలవాలి, పేరు పెట్టి పిలవకూడదు. పేరు నోటివెంట వచ్చిందంటే ఆ కట్టు తెగిపోయినట్టే. ఈ రోజుల్లో మొగుడి పేరైనా అనేస్తున్నాం గాని నేస్తం పేరు అనం.

మేం కట్టుకున్నప్పటికి నాకింకా పరికిణీలే. ఒక శ్రావణంలో కొండ మధ్యలో వాన పట్టుకుంది. పనసగూడ చేరేసరికి నేను తడిసి ముద్దయి వణికిపోతున్నాను. మొదటి ఇంట్లోంచి నా ఈడు పిల్ల బయటికొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అడగకుండా లోపలికి లాక్కుపోయి తన పొడి పరికిణీ నాకు కట్టింది. నా తడిబట్టలు తను కట్టుకుంది. అదేంటే అంటే, ఎండ లేదు కదా, ఒంటిమీదైతే బేగి ఆరతాయి అంది. వాళ్ళ నాయనమ్మ అరుగు మీంచి చూసి నవ్వింది. బట్ట మారింది కదా, ఇంకేటి సూత్తన్నారు, బెల్లం తెండి అంది. వాళ్ళు బాప్టిస్టు సంఘం వాళ్ళు, అందుకని పాస్టరుగారిని పిలిచి చిన్న ప్రార్థన చేయించారు. మా అమ్మ ఒక పక్కకి తిరిగి మా అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. ఎవరి దేవుడికి వాళ్ళు చెప్పుకున్నారు.

ఇంక మనిషి సంగతి. పొడుగ్గా ఉంటుంది. నడిచేటప్పుడు సంఘంలో పాడే పాటలు సణుగుతూ నడుస్తుంది, ఎంత మిట్టయినా పాట ఆగదు. మనం చెప్పే మాట సగంలో ఉండగానే నవ్వేస్తుంది, మిగతా సగం వినిపించుకోదు. భర్త యోనా నెమ్మదైన మనిషి, అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్ళు కుడతాడు. ఉన్న కాస్త నేలచెక్కలో జీడిచెట్లు వేసుకున్నారు. ఒక్కతే కూతురు, మెళియాపుట్టి వైపు ఇచ్చారు. ఈవిడకున్న రోగం ఒక్కటే. చేతిలో ఉన్నది ఎదుటివాళ్ళ చేతిలో పెట్టేదాకా ఆవిడకి ఊపిరాడదు. పనసపండు కోస్తే ముందు ఊరందరికీ పంచి, గింజలు ఇంట్లో ఉంచుకుంటుంది. ఏనాడు చూసినా ఇంట్లో కాస్త మంచి చీర ఒక్కటే ఉంటుంది. దాని మీద నేను ఎన్నిసార్లు తిట్టానో. తిడితే నవ్వుతుంది.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడు మా కొబ్బరితోట మొత్తం పడిపోయింది. ఉద్దానంలో ఎవరికి మాత్రం మిగిలాయి గనక. చెట్లు అడ్డంపడి రోడ్లు మూసుకుపోయాయి, కరెంటు లేదు, తాగడానికి బొండాలే నీళ్ళు. మా ఇంటికి ఇంకా ఎవరూ రాకముందు, ఏ ఆఫీసరూ తొంగి చూడకముందు, ఆవిడ వచ్చింది. కొండమీంచి ఇక్కడి దాకా, పడిన మానుల మీదుగా ఎక్కుతూ దిగుతూ, నెత్తిమీద చోడిపిండి, అదే రాగిపిండి మూటతో నడిచి వచ్చింది. వచ్చి నన్ను పలకరించను కూడా లేదు. పొయ్యి వెతుక్కుని అంబలి కాచి మా అందరికీ పోసింది. అప్పుడు చూశాను ఆవిడ పాదాలు. పడిన తోట చూసి ఏడవనిదాన్ని ఆ పాదాలు చూసి ఏడ్చాను.

అలాంటి మనిషి. నాది అనుకున్నాను. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు, అక్కకి చెల్లెలు ఉన్నట్టు నాకు నేస్తం ఉంది, ఇంకొకళ్ళకి వాటా లేదు అనే అనుకున్నాను.

ఆ తరవాత సైకిళ్ళు వచ్చాయి. రవిశంకర్ మాస్టారే ముందు వచ్చి దారి చూసుకుని వెళ్ళాడు. మొదట్లో నాకూ వింతగానే ఉండేది. గంపతో నేను ఎక్కుతుంటే వెనక నుంచి రాళ్ళమీద ఎగురుకుంటూ వచ్చేవాళ్ళు, పక్కకి తప్పుకునేదాన్ని. ఏం సరదానో, మెత్తటి రోడ్డు వదిలేసి ముళ్ళల్లో పడి పోవడం. వాళ్ళకి పనసగూడలో ఆకలేసేది. ఆవిడ సంగతి చెప్పాను కదా, ఆకలన్న మనిషి కనబడితే ఊరుకోదు. అలా అలా రెండు బల్లలు, నాలుగు గుంజలు, పైన తాటాకు పడ్డాయి. చోడి అంబలి, అనాసపండు ముక్కలు, అడ్డాకు విస్తట్లో వేడి అన్నం, దాని మీద ఎండుచేపల పులుసు. ఆ పులుసు నాకి నాకి తిని, కరుణమ్మగారి చేపల పులుసు, కరుణమ్మగారి చేపల పులుసు అని వాళ్ళ గోల. చేపలు ఎవరివి? ఎండబెట్టింది ఎవరు, మోసుకొచ్చింది ఎవరు? ఒక్కడైనా అడిగితే ఒట్టు.

ఆ గుంపులో ఒక పిల్ల గీతిక. విశాఖపట్నంలో బ్యాంకులో పని. తల మీద బోర్లించిన గిన్నెలాంటి టోపీ, కాళ్ళకి అంటుకుపోయిన నల్లలాగు, మాటకి ముందు నవ్వు. మొదటిసారి ఆ మిట్ట మీద టైరు పగిలి కూలబడితే ఆవిడే వెళ్ళి చెయ్యిచ్చి లేపిందట. అప్పటి నుంచి ఆ పిల్ల ఈవిడని పట్టుకుంది. నేను గంప దించి నీళ్ళు తాగకముందే నా నేస్తం మొదలు పెట్టేది. గీతిక ఇలా అంది, గీతిక అలా చేసింది, గీతికకి కారం పడదు. మా మధ్య ఇంత కాలంలో నాకు కారం పడుతుందో లేదో ఎవరికైనా చెప్పిందా అనుకునేదాన్ని. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా?

ఒకరోజు వెళ్ళేసరికి ఆ పిల్ల ఈవిడని తన సైకిల్ ఎక్కించి వెనక పట్టుకుని పరిగెడుతోంది. ఈ వయసులో, చీర దోపుకుని, కాళ్ళు రెండు పక్కలకీ చాపి, ఈవిడ జీడితోటలో పడింది. పడి, లేవకుండా అక్కడే పగలబడి నవ్వుతోంది. నాతో ఉండగా అంతలా నవ్విందా అని నిలబడి ఆలోచించాను. నవ్వే ఉంటుంది. ఆ క్షణానికి ఒక్కటీ గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి మా ఆయన రామూర్తి దగ్గర కక్కేశాను. ఆయన వల బాగుచేసుకుంటూ అంతా విని, సవితి పోరు లేదనుకున్నాను గాని నీకు కొండమీద దొరికిందే అన్నాడు. ఆ పూట ఆయనకి కూరలో ఉప్పు వెయ్యలేదు.

ఇప్పుడు అసలు సంగతి. కార్తీకం వచ్చింది, సైకిళ్ళ వాళ్ళ పెద్ద యాత్ర పెట్టుకున్నారు. ముందురోజు సాయంత్రమే కొందరు పనసగూడ చేరి పాకలో పడుకున్నారు. తెల్లారి నేను గంపతో వెళ్ళాను. పాక కింద సందడిగా ఉంది. ఈవిడ చీర మీద నారింజరంగు సైకిల్ చొక్కా తొడుక్కుని పొయ్యి దగ్గర ఉంది. బల్ల మీద గీతిక కూర్చుని ఉంది. ఆ పిల్ల భుజాల చుట్టూ ఆకుపచ్చ చీర. మామిడిపిందెల అంచు. ఆ చీర నేను కాశీబుగ్గలో కొట్టు కొట్టూ తిరిగి, అంచు నచ్చక రెండుసార్లు వెనక్కి వచ్చి, క్రిస్మస్‌కి ఆవిడకి పెట్టిన చీర.

నేను గంప దించకుండా అక్కడే ఆగాను. ఆవిడ పొయ్యి దగ్గర నుంచి తలెత్తి, "నేస్తం, ఇలా రా" అంది.

నేను గంప మీద చెయ్యి వేసి అటు తిరిగాను. అప్పటికే గీతిక లేచి నిలబడింది. ఆవిడ చూస్తున్నది ఆ పిల్లనే.

నేను కేకలు వెయ్యలేదు. చాలా మెల్లగా అన్నాను. "కరుణమ్మా, గంప దించు."

యోనా చేతిలో ఆకు కింద పడింది. పక్కింటి ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సైకిళ్ళ వాళ్ళకి ఏమీ తెలియలేదు, అంబలి తాగుతున్నారు. గీతిక అయితే మర్యాదగా, కరుణమ్మగారూ, ఆవిడ మిమ్మల్నే పిలుస్తున్నారు అని చెప్పింది కూడా. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చింది. రెండు చేతులతో గంప పట్టుకుని నెమ్మదిగా కింద పెట్టింది. నా మొహం వైపు చూడలేదు. నేను నీళ్ళు ముట్టలేదు, ఒక్క చేప అమ్మలేదు, గంప నేనే ఎత్తుకుని దిగిపోయాను.

తప్పు నాదే అనేవాళ్ళుంటే అనండి. మీరు ఇష్టపడి కొన్న చీర ఇంకొకతె ఒంటిమీద చూసి, మీ పిలుపుకి ఇంకొకతె లేచి నిలబడితే అప్పుడు చూస్తాను మీ నోట ఏం వస్తుందో.

ఆ తరవాత పనసగూడ మానేశాను. నందిగాం వైపు పల్లెలు తిరిగాను, నిమ్మాడ దాకా పోయాను. అక్కడా కొనేవాళ్ళున్నారు, ఇక్కడికంటే ఎక్కువే కొన్నారు. తిన్నావా అని ఒక్కరు అడగలేదు. నెలకోసారి సైకిళ్ళవాళ్ళు మా ఊరి ఒడ్డుకి దిగేవారు. నాకేం పట్టనట్టు వెళ్ళి, చెమట కారుతోంది బాబూ, పైన ఏం పెట్టారేంటి అని అడిగేదాన్ని. చేపల పులుసు అనేవారు. నా చేపలు పోవడం మానేశాయి కదా, మరి అవెవరి చేపలు? ఎవతి దగ్గర కొంటోంది? ఆ రోజంతా అదే మంట. గీతిక మీద ఉన్నది చాలక, ముక్కూ మొహం తెలియని ఎవరో చేపలావిడ మీద కూడా మొదలైంది. రాత్రి పడుకుంటే ఆ ఆకుపచ్చ అంచే కళ్ళలో తిరిగేది.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం సైకిళ్ళ వెనక వచ్చే జీపులోంచి ఆవిడ దిగింది. దూరం నుంచే నడక పోల్చాను. వచ్చింది, తనే వచ్చింది, నేను లేకపోతే ఉండలేకపోయింది అనుకున్నాను. గబగబా పీట తుడిచాను. జుట్టు సవరించుకున్నాను. ఆవిడ ఎండుచేపలు ఆరబోసిన వల దగ్గరికొచ్చి ఆగింది. "జోగమ్మా, నెత్తళ్ళు కేజీ ఎంత?" అంది.

మా ఇద్దరి మధ్య ధర అన్న మాట ఏనాడూ లేదు. నా చేపలు పైకి వెళ్ళేవి, ఆవిడ చింతపండు కిందికి వచ్చేది, కొలిచింది లేదు. ధర చెప్పాను. తూచాను. ఆవిడ తక్కెడ ముల్లు వైపు చూసి, సంచిలో పోయించుకుని, డబ్బు వల మీద పెట్టి వెళ్ళిపోయింది. కోపంగా వెళ్ళలేదు. సంతలో తెలియని మనిషి దగ్గర కొనుక్కున్నట్టు వెళ్ళింది. మా ఆయన పడవ దగ్గర నుంచి అంతా చూశాడు. ఆ రోజు ఒక్క ఎగతాళి మాట అనలేదు, దానికే నాకు ఇంకా భయమేసింది.

అప్పుడు అర్థమైంది. నేను తెంపాను, ఆవిడ తెగిపోయినట్టు ఉంటోంది, అంతే. పద్ధతి తప్పింది నేను, పద్ధతిగా ఉన్నది ఆవిడ. ఇలాగే చచ్చేదాకా జోగమ్మా, జోగమ్మా అని చేపలు కొనుక్కుంటుంది. ఆ ఆలోచనతో నాకు ముద్ద దిగలేదు.

మందస సంతలో యోనా విస్తళ్ళు అమ్ముతూ కనిపించాడు. చింతపండు ఎలా ఉందీ ఏడు అని అడిగాను. ఆయన చింతపండు మాట ఎత్తలేదు. ఆ కార్తీకం ముందురోజు ఏం జరిగిందో చెప్పాడు. సాయంత్రం మబ్బు పట్టి కురిసిందట. గీతిక తడిసి వణికిపోతూ వచ్చిందట. ఈవిడ లోపలికి తీసుకుపోయి, ఇంట్లో ఉన్న ఒక్క మంచి చీర తీసి కప్పిందట. ఆ పిల్లకి ఏమివ్వాలో తెలియక సంచిలోంచి కొత్త చొక్కా తీసి ఈవిడ చేతిలో పెట్టి, పక్కనున్న బెల్లంముక్క తుంచి ఈవిడ నోట్లో పెట్టిందట. టీలోకి పెట్టుకున్న బెల్లం అది. "ఆ గుంటకి తెలవదు. మాయావిడికి తెలుసు కదా. బట్ట మారింది, బెల్లం పడింది. తెలిసి కూడా లేదనుకోమంటే ఎలాగనుకుంటాది?" అన్నాడు.

ఇది వింటే నా కోపం చల్లారాలి కదా. చల్లారలేదు, ఇంకా రాజుకుంది. అదే వాన, అదే వణుకు, అదే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోవడం. ఇన్నేళ్ళూ ఆ వాన నా ఒక్కదాని కోసం పడిందనుకున్నాను. ఎవరు తడిసొచ్చినా ఆవిడ అంతే చేస్తుందని అప్పుడు తెలిసింది.

మళ్ళీ కట్టుకోవాలంటే ఏం చెయ్యాలో కూడా యోనాయే చెప్పాడు. తెంపినవాళ్ళే వెళ్ళాలి. కొండ కింద నుంచి కాలినడకన, చేతిలో కొత్త బట్టతో, నలుగురూ ఉన్నప్పుడు గుమ్మం ముందు నిలబడి అడగాలి. అవతలివాళ్ళు వద్దంటే బట్ట తీసుకుని దిగిపోవాలి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదు. రెండోసారి అడగడం ఉండదు.

ఏ రోజు వెళ్ళాలన్నది నేనే ఎంచుకున్నాను. సైకిళ్ళు వచ్చే రోజు. ఎందుకో కూడా రాస్తాను. గీతిక చూడాలి. ఆ పిల్ల కళ్ళ ముందే ఆవిడ నా చీర పుచ్చుకోవాలి, ఆ పిల్లని వదిలేస్తానని చెప్పాలి. అడగాల్సిన మాట కూడా సిద్ధం చేసుకున్నాను. నేను కావాలంటే ఆ పిల్ల వద్దు. అంతే మాట.

కాశీబుగ్గలో ఎర్రచీర కొన్నాను. కొండ కింద ఆటో దిగి ఎక్కడం మొదలు పెట్టాను. నెత్తిమీద గంప లేకుండా ఆ దారి ఎక్కడం అదే మొదటిసారి, మెడ ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. సైకిళ్ళు ఒక్కొక్కటే నన్ను దాటుకుపోయాయి, పక్కకండీ ఆంటీ, పక్కకండీ అని. ఆ మిట్ట మొదట్లో వెనక నుంచి ఒక సైకిల్ వచ్చి ఆగింది. గీతిక. నన్ను గుర్తుపట్టి దిగిపోయింది. నడిపించుకుంటూ నా పక్కనే నడవడం మొదలెట్టింది. నువ్వు పో అమ్మా, నీకు ఆలస్యం అన్నాను. పరవాలేదాంటీ, నేనూ అలిసిపోయాను అంది. అలిసిపోలేదని తెలుస్తూనే ఉంది. చేతిలో పొట్లం సైకిల్‌కి తగిలించమంది. ఇవ్వలేదు.

దారంతా తనే మాట్లాడింది. విశాఖపట్నంలో ఒక్క గది తీసుకుని ఉంటోందట. అమ్మ పోయిందట. ఉన్న అన్న పలకడట. "నేను రాని ఆదివారాల్లో కరుణమ్మగారు యోనాగారి ఫోన్ నుంచి చేస్తారాంటీ. తిన్నావా అని అడుగుతారు. ఇంకేం మాట్లాడరు, అంతే అడిగి పెట్టేస్తారు" అంది. నాకు ఆ పిల్ల మీద చెప్పలేనంత కోపం వచ్చింది. పగ పట్టడానికి బయల్దేరిన మనిషికి ఇవన్నీ ఎందుకు చెప్పాలి? నోరు మూసుకుని నడవచ్చు కదా.

పైకి చేరేసరికి పాక నిండా జనం. సైకిళ్ళ వాళ్ళు విస్తళ్ళ ముందు ఉన్నారు. నా చేతిలో ఎర్రచీర చూసి పనసగూడ వాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ లేచి వచ్చారు. యోనా లోపలికి వెళ్ళి చెప్పాడు. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది, గడప దాటలేదు. నేను చీర రెండు చేతులతో పట్టుకున్నాను. మళ్ళీ కట్టుకుంటావా అని అడిగాను.

ఆవిడ చీర వైపు చూడలేదు. "ఆ గుంటని ఇడిసీమంటావా?" అంది.

నేను దారంతా సిద్ధం చేసుకున్న మాట ఆవిడే అడిగేసింది. అవునంటే చాలు. ఆ పిల్ల ఏమీ అర్థం కాక, సైకిల్ చక్రానికి పట్టిన బురద పుల్లతో గీకుతూ మా వైపు చూస్తోంది. చూసి నవ్వింది కూడా.

"అననులే. అనను గానీ నాకు మంట. నువ్వు నేస్తం అన్న పిలుపు ఆ పిల్లకి పోతే నాకు కడుపు రగిలిపోద్ది. రేపూ రగులుద్ది, సచ్చేదాకా రగులుద్ది. అది ఆపడం నా వల్ల కాదు. ఉన్నమాట సెప్పేస్తన్నాను" అన్నాను.

ఆవిడ గడప దాటింది. "నీ పెళ్ళికొచ్చి నాను అన్నం తినలేదు. గుర్తుందేటి?" అంది.

గుర్తుంది. ఆవిడా, వాళ్ళ నాయనమ్మా కొండ దిగి వచ్చారు. పందిట్లో కూర్చున్నారు. విస్తరి ముందు కూర్చుని ఆవిడ ముద్ద ముట్టకుండా లేచిపోయిందని మా వాళ్ళు చెప్పారు. అమ్మవారికి నైవేద్యం పెట్టిన అన్నం కదా, సంఘం వాళ్ళు తినరు అనుకున్నాం. మా అమ్మ అరటిపళ్ళు ఇచ్చి పంపింది. ఇంత కాలం మేమంతా అదే అనుకున్నాం.

"అమ్మోరి పెసాదమని కదా?" అన్నాను.

"పెసాదం కాదు. నువ్వు ఆడి పక్కన కూకుని నవ్వతన్నావు. నాకు ముద్ద దిగలేదు."

నా చేతుల్లో చీర బరువెక్కింది. "మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అనలేదేటి?" అన్నాను.

"అంటే? నీ మొగుణ్ని ఇడిసేస్తువా?" అంది.

నా చేతిలో చీర తీసుకుని, బెల్లం తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం ముందే నిలబడి, మా పెళ్ళి పందిట్లో ఆ రోజు ఆవిడకి విస్తరి ఏ పక్క వేశారో గుర్తు తెచ్చుకోబోయాను. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ రోజు నేను అటు చూడనే లేదు.